తెల్లదోమ, నల్లదోమ, మా వదిన

మా వదిన పోయిందన్న కబురు అందేసరికి నేను నల్లపాడు స్టేషను బయట బల్ల మీద కూర్చుని, టీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఉన్నాను. నోటి దగ్గర ఉండాల్సిన గ్లాసు ముక్కు దగ్గర ఎందుకుందో తర్వాత చెబుతాను. నేను ఏ సంగతీ తిన్నగా చెప్పలేనని వదినే అనేది. "నిన్ను ఒంగోలుకి దారడిగితే కొత్తపట్నం దాకా తీసుకెళ్లి, సముద్రం చూపించి, అప్పుడు వెనక్కి తెస్తావయ్యా మరిదీ!" ఆ మాట నిజమే. ఈసారికి ఒంగోలులోనే ఆగడానికి ప్రయత్నిస్తాను.

ఫోను చేసింది వదిన మనవరాలు. "తాతయ్యా, నాయనమ్మ పోయింది. పొయ్యి మీద తాగే నీళ్లు పెట్టుకుని, పక్కన కుర్చీలో కూర్చుని, అట్లాగే..." అని ఆగింది.

"నీళ్లు మరిగాయా?" అన్నాను. మనిషి పోయిందంటే అడగాల్సిన మాటేనా అది! కానీ ఆ పిల్ల తప్పుగా అనుకోలేదు. "మరిగాయి తాతయ్యా. స్టవ్వు నేనే కట్టేశాను" అంది. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల కదా.

ఎనభైల్లో ఒక ఏడు మా ప్రత్తిపాడు చుట్టుపక్కల పత్తి మీద తెల్లదోమ పడింది. ఈ కాలం వాళ్లకి చెప్పాలి, తెల్లదోమంటే మనల్ని కుట్టే దోమ కాదు. ఆకు అడుగున చేరి రసం పీల్చే పురుగు, బియ్యపు నూకంత కూడా ఉండదు. రైతులు మందు మీద మందు కొట్టారు. చేలు మాడాయి గానీ పురుగు మాడలేదు. పత్తి లేనప్పుడు పత్తి తీతకి ఎవరు పిలుస్తారు? మిరపకోతలు ఇంకా దూరం. మా పల్లెలో పొయ్యిలు చల్లబడ్డాయి.

అప్పుడొచ్చింది నల్లమల పని. దోర్నాల దాటాక అడవిలో వెదురు నరకాలి. అక్కడే గుడిసెలు వేసుకుని ఉండాలి. పని ఉందంటే సంతోషించాలి గదా, మా పల్లె ఆడవాళ్లు ఏడుపు మొదలుపెట్టారు. ముందటేడు పక్కూరి ముఠా అదే అడవికి వెళ్లి, ఆ వాగు నీళ్లు తాగి, ఆ దోమలు కుట్టి, సగం మంది చలిజ్వరంతో, సగం మంది విరేచనాలతో వచ్చారు. ఒక కుర్రాడు బండి మీద పడుకుని వచ్చాడు. మళ్లీ లేవలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి మెట్ల మీదే మా వదిన కొంగు బిగించింది. "వంటకి నేనెళ్తన్నా. ఎట్టా తీసుకెళ్తానో అట్టా తెచ్చి మీ చేతుల్లో పెడతా. ఒక్కడు తగ్గితే నా మొహం చూడబాకండి" అంది. మా అన్నయ్య పక్కనే నిలబడి నేల చూస్తున్నాడు. ఆయన ముఠా మేస్త్రి. కానీ ఆ నిమిషం నుంచి మేస్త్రి ఎవరో అందరికీ తెలిసిపోయింది.

అడవికి చేరగానే మగాళ్లమంతా వాగులోకి దిగి దోసిళ్లు పట్టాం. "ఆగండిరా!" అని ఒక్క కేక. నీళ్లు అద్దంలా ఉన్నాయి. అదే చెప్పాను. "అద్దంలో నీ మొహమే కనపడుద్ది గానీ పైన ఏ గొడ్డు దిగిందో కనపడుద్దా?" అంది. పార తీసుకుని, పారే నీటికి ఎడంగా ఇసుకలో చెలమ తవ్వింది. మొదట ఊరిన బురదనీళ్లు తోడి పారేసింది. తేటనీరు ఊరాక అన్నయ్య పాత పంచెని నాలుగు మడతలు వేసి వడకట్టింది. ఆ పంచె కట్టుకోవడానికి ఆయనకి మళ్లీ దక్కలేదు.

ఇక కాచడం. మాలో గడియారం ఉన్నవాడు లేడు. అందుకని వదిన ఒక పద్ధతి పెట్టింది. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక కీర్తన మొత్తం పాడాలి. పల్లవి, చరణాలన్నీ, ఒక్కటి తగ్గకూడదు. అప్పుడే దించడం. వదిన గొంతు సంగతి మా సంఘంలో అందరికీ తెలుసు. ఆవిడ పాట ఎత్తుకుంటే హార్మోనియం వాయించేవాడు చేతులు తీసేసి ప్రార్థనలో పడేవాడు. దేవుడు వినేవాడో లేదో గానీ నీళ్లలో పురుగు మాత్రం బతికేది కాదు.

మాతో వచ్చినవాళ్లలో వదినకి సొంత బాబాయి ఉన్నాడు. నాకు మావ వరస. నాలుగెకరాలు కౌలుకి చేసి, తెల్లదోమ దెబ్బకి ఆ ఏడే కూలికి దిగిన మనిషి. మంచివాడు, మొండివాడు. "ఏంది అమ్మాయ్, నీళ్లకి కూడా కీర్తనలేంది? గుంటూరు కారం తినే కడుపు మనది. ఆ కారానికి చావని పురుగు ఉందా?" అని గంజిలో పచ్చిమిరపకాయ కొరికేవాడు.

"నీ కడుపు మండుద్ది గానీ బాబాయ్, పురుగు మండదు. పాడు, చరణం అందుకో."

దోమల విషయంలోనూ ఇంతే పట్టు. పొద్దు వాలకముందే అందరూ పొడుగు చేతుల చొక్కాలు తొడగాలి. కాళ్లకీ మెడకీ వేపనూనె రాసుకోవాలి. మా దగ్గర వచ్చే కంపుకి దోమ సంగతేమో గానీ మేమే ఒకరి పక్కన ఒకరు కూర్చోలేకపోయేవాళ్లం. పాత నేతచీరలు కలిపి కుట్టి దోమతెరలు చేసింది. లోపల కోళ్లగూడులా ఉండేది. గుడిసెల చుట్టూ ఏ డబ్బాలోనూ, ఏ ఆకు దొన్నెలోనూ నీళ్లు నిలవనిచ్చేది కాదు. బట్టలు తొడిగేముందు దులపాలి, పిడుదులు ఉంటాయని. ఆరోగ్య కేంద్రం నుంచి అడిగి తెచ్చిన చలిజ్వరం మాత్రలు ఆదివారం ప్రార్థన అయ్యాక వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి నాలుక మీద తనే పెట్టేది. మింగి నోరు తెరిచి చూపించాలి. మా పాస్టరుగారు కూడా అంత కట్టుదిట్టంగా ప్రభు సంస్కారపు రొట్టె ఇవ్వలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. నేను బడికి వెళ్లినవాణ్ని కాను. కొట్లో పొట్లాలు కట్టిన కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ని. కాబట్టి మాటల మీద నాకు కాస్త పిచ్చి. మన తెలుగులో ‘మందు’ అనే మాట చూడండి. జ్వరానికి వేసేది మందు. సాయంత్రం సారా కొట్లో తాగేది మందు. తుపాకిలో కూరేది మందు. మొగుడు మాట వినకపోతే పెట్టేది మందు. పత్తి మీద కొట్టేదీ మందే. బతికించేదానికీ చంపేదానికీ ఒకే పేరు పెట్టుకున్నాం. మా వదిన ఒక్కతే ఆ పేరు ఒప్పుకునేది కాదు. చేలో కొట్టేదాన్ని ‘విషం’ అనే అనేది. "డబ్బా మీద పుర్రె బొమ్మ వేసి చెబుతుంటే మందు మందు అని ముద్దు పేరేందిరా?" అనేది. మేం నవ్వేవాళ్లం.

కొన్నాళ్లకి తుఫాను ముసురు పట్టింది. వాన వెలిశాక దోమలు మబ్బులా లేచాయి. అన్నయ్యకి చలి పట్టుకుంది. ఎన్ని గోనెలు కప్పినా పళ్లు టకటకలాడుతున్నాయి. వదిన మాత్రలు వేసింది, తడిగుడ్డ వేసింది. మొహంలో మాత్రం రక్తం లేదు. చర్చి మెట్ల మీద అన్న మాట ఆవిడకి గుర్తుంది, మాకూ గుర్తుంది. తగ్గే ఆ ఒక్కడూ తన పెనిమిటే అవుతాడేమోనని ఎవరం పైకి అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం వెదురు నరికి, నాలుకలు పిడచకట్టుకుని దిగి వచ్చాం. పెద్ద డేకిసాలో నీళ్లు తెర్లుతున్నాయి. వదిన కీర్తన ఎత్తుకుని రెండో చరణంలో ఆగిపోయింది. ఆవిడ మధ్యలో ఆగడం ఎన్నడూ లేదు. ఆవిరి మీదికి వంగి ముక్కు పెట్టింది.

"మరిదీ, ఇట్రా. వాసన చూడు."

చూశాను. అడవి మధ్యలో మా ఊరి పత్తిచేను వాసన. పంపులతో పురుగుమందు కొట్టిన రోజు గాలి ఎట్లా ఉంటుందో అట్లా.

"చెలమ దగ్గర ఎవరేం చేశారు?" అంది.

మావ చుట్ట పక్కన పెట్టి, మంచిపని చేసినవాడిలా నవ్వాడు. "నేనే అమ్మాయ్. అల్లుడు అట్టా వణుకుతుంటే చూళ్లేకపోయా. మూటలో సగం డబ్బా మందు తెచ్చాన్లే. పొద్దున చెలమ చుట్టూ, ఆ పక్క మడుగులో చల్లేశా. తెల్లదోమకి కొట్టే మందు నల్లదోమకి పనిచెయ్యదా ఏంది?"

దోమ అన్న మాట ఒకటే గదా, పాపం. పత్తి పండించేవాడికి తప్ప ఇంకొకడికి రాని ఆలోచన అది.

"తెల్లదోమే చావలేదు గదా బాబాయ్! నీ చేను చచ్చింది. ఇప్పుడు మమ్మల్ని చంపుతావా?"

"ఓసి నీ దుంపతెగ! అంత కాచాక ఇంకేముంటది? నువ్వే గదా కాస్తే అంతా చచ్చిపోద్దంటివి! ఇదిగో, నే తాగి చూపిస్తా" అని మావ గ్లాసు ముంచాడు.

"కాస్తే పురుగు చచ్చిపోద్ది. విషం చావదు బాబాయ్!"

మావ గ్లాసు ఎత్తాడు. వదిన ఆ చేతి మీద కొట్టింది. గ్లాసు ఎగిరి రాళ్ల మీద పడింది. బాబాయంటే తండ్రి తర్వాత తండ్రి. మా ముందెప్పుడూ ఆయనకి ఎదురుగా మంచం మీదైనా కూర్చునేది కాదు. అందరం బిగుసుకుపోయాం. అంతలో గుడ్డతో డేకిసా అంచు పట్టుకుని, ఆ నీళ్లన్నీ పొయ్యిలోనే కుమ్మరించింది. బుస్సున ఆవిరి లేచింది.

"వదినా! దాహంతో చస్తన్నాం!" అని అరిచాడొకడు.

"దాహంతో పూట ఉంటారు. దీంతో ఉండరు" అంది.

చెలమ మీద ముళ్లకంప లాగించి, గొర్రెలు కూడా మూతి పెట్టకుండా కప్పించింది. డబ్బాని వాగుకి దూరంగా గొయ్యి తీసి పాతిపెట్టించింది. పార భుజాన వేసుకుని వాగు వెంట పైకి నడిచింది. రమ్మని ఎవర్నీ పిలవలేదు. అందరం వెళ్లాం. తిట్టుకుంటూనే వెళ్లాం. చాలా ఎగువన, మడుగు నీరు పారి వచ్చే వీలు లేని చోట కొత్త చెలమ తవ్వింది. నీరు ఊరడం, బురద తోడెయ్యడం, పంచెలో వడకట్టడం, మోసుకురావడం, కొత్తగా పొయ్యి రాజెయ్యడం. ఏదీ తగ్గించలేదు. నీళ్లు తెర్లాయి. కీర్తన మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. మా గొంతుల్లో తడి లేదు, పాట ఎక్కడ వస్తుంది? అప్పుడు వెనకనుంచి ఒక బొంగురు గొంతు అందుకుంది. మావ. చరణాలన్నీ వదలకుండా పాడాడు.

నీళ్లు చల్లారాక వదిన మొదటి గ్లాసు ముంచింది. లోపల మొగుడు జ్వరంతో ఉన్నాడు, ఆయనకే అనుకున్నాం. రెండు చేతులతో తీసుకెళ్లి బాబాయికిచ్చింది. "చెయ్యి నొప్పెట్టిందా నాన్నా?" అంది. మావ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత తాగాడు. ఆయన తర్వాత మేమంతా అట్లాగే వాసన చూసి తాగాం.

అన్నయ్య జ్వరం దిగింది. పని ముగిసి ప్రత్తిపాడులో బస్సు దిగినప్పుడు, తల్లులంతా రోడ్డు మీదే ఉన్నారు. వదిన ఒక్కొక్కడి చెయ్యి పట్టుకుని, "ఇదిగో నీ కొడుకు, చూసుకో" అని అప్పజెప్పింది. నన్ను మా అమ్మకి అప్పజెబుతూ, "వీడు మాత్రం వెళ్లేటప్పటికంటే ఎక్కువ మాట్లాడుతున్నాడత్తా, అది నా పూచీ కాదు" అంది.

మావ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మరుసటేడు మళ్లీ కౌలుకి చేశాడు. పురుగుమందుల కొట్టుకెళ్లి, అందరూ వింటుండగా "ఒక డబ్బా విషం ఇవ్వండి" అన్నాడు. కొట్టాయన బెదిరిపోయి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, సోడా తాగించి, వదినకి కబురంపాడు. వదిన పరుగెత్తుకొచ్చి సంగతి విని, మెట్ల మీద కూలబడి నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల అది ఉత్త నవ్వులాట మాట కాదు మరి.

మొన్న సమాధి కార్యక్రమం అయ్యాక, షామియానా కింద అందరికీ నీళ్లిచ్చారు. పెద్ద పెద్ద ప్లాస్టిక్ టిన్నుల్లో వచ్చిన నీళ్లు, మూతకి సీలు వేసి, అద్దంలా ఉన్నాయి. ఆనాడు అడవికి వెళ్లినవాళ్లలో మిగిలినవాళ్లం ఒక వరసలో కూర్చున్నాం. అందరివీ తెల్లజుట్లే. వడ్డించే కుర్రాడు గ్లాసులు పెట్టి వెళ్లబోయి, వెనక్కి తిరిగి, "ఏం తాతా, నీళ్లు బాలేవా?" అన్నాడు.

వరస మొత్తం గ్లాసులు ముక్కు దగ్గర పెట్టుకుని ఉన్నాం.