చూరు కింద గాలి దారి

వడ్ల మామ పోయాడన్న కబురు మంగళవారం పొద్దున తెలిసింది. దీపం పెట్టి జపానికి కూర్చున్నాను. పక్కింటి కోడలు వాకిట్లో నిలబడి, "పెద్దక్కా, వడ్ల మామ లేడట. తెల్లారంగ పానం పోయిందట" అన్నది. జపం ముగించే లేచాను. పట్టిన పని నడుమ వదలడమంటే ఆయనకు గిట్టేది కాదు.

ఆయన మాకు చుట్టం కాదు. వడ్రంగి, సిద్దిపేటలో మా వీధి చివరి ఇల్లు ఆయనది. ఈ వీధిలో సగం ఇండ్ల కప్పులు ఆయన చేతి పనే. ఎవరింటికి వచ్చినా ముందు తల ఎత్తి చూరు చూసేవాడు, ఆ తరువాతే మనిషిని పలకరించేవాడు. "మీరంత బాగనే ఉన్నట్టు ఇల్లే చెప్తది" అనేవాడు.

రాళ్లవానకు మా పెంకలు పగిలిన ఏడు ఆయనను పిలిపించాను. అమ్మా బాపూ అప్పటికే లేరు. ఇల్లూ, చెల్లెండ్ల మంచిచెడులూ నా మీదనే ఉండేవి. అటక మీది చింతపండు ఏటా నల్లబడి బూజు పట్టేది. వాసాలు తడిసి మెత్తబడేవి. కప్పు కురుస్తోందని నేననుకున్నాను. ఆయన అటక ఎక్కి, వాసాన్ని గోటితో గీకి చూశాడు.

"వాన కాదు బిడ్డా. లోపటి ఉక్కకు పోయెతందుకు తొవ్వ లేదు. గదే నీళ్లైతుంది."

గోడ మీద వాసాలు ఆనే చోట, రెండు వాసాల నడుమ గుప్పెడంత రంధ్రం చొప్పున వదిలాడు. ముందు చూరుకు ఎన్నో వెనక చూరుకూ అన్నే. ఎలుకలూ పిచ్చుకలూ దూరకుండా లోపలివైపు ఇనుప జాలి కొట్టాడు. జల్లు పడకుండా బయట ఏటవాలుగా పలక బిగించాడు. రెండు వాలులూ కలిసే కొప్పు మీది పెంకలను చెక్క ముక్కలతో కాస్త ఎత్తి, వాన దిగని తీరున సన్నని సందు ఉంచాడు. బస్తాలు చూరుకు ఆనకుండా అటక మీద అడ్డంగా ఒక బద్ద కొట్టి, దాని అవతలికి ఏదీ నూకొద్దన్నాడు.

"పైన సందు పెట్టినవు గద మామా, కింద గిన్ని బొక్కలెందుకు?" అని అడిగాను.

"నీ దేవుని కాడి ఊదుబత్తి ఒకటియ్యి."

ముట్టించి ఒక రంధ్రం దగ్గర పట్టాడు. పొగ లోపలికి వంగి, పెంకల వాలు వెంట పాకి, కొప్పు సందులోంచి పోయింది. తరువాత వరుసగా రంధ్రాలను గోనెతో మూయించాడు. పొగ పైకి పోవడం మాని అటకంతా కమ్ముకుంది.

"కింద నుంచి రాకుంటె పైనుంచి ఏం పోతది బిడ్డా?"

చూశాను. అర్థమైందనే అనుకున్నాను.

రెండేండ్లకు చిన్న చెల్లె తొలి కాన్పుకు వచ్చింది. చలికాలం. ఆడపిల్ల పుట్టింది. బాలింతకు గాలి తగలకూడదని మంత్రసాని తలుపూ కిటికీ మూయించి, బొగ్గుల కుంపటి పెట్టించింది. ఎక్కడైనా చేసేదే. అటక పలకల సందుల్లోంచి ఆ గది వేడి పైకి పోయేది. మంత్రసాని వెళ్లాక నేను పైకి చూశాను. చూరు రంధ్రాల్లోంచి వెలుగు కనిపించింది. వెలుగు వస్తే గాలీ వస్తుందనుకున్నాను. అటక ఎక్కి, పాత గుడ్డలతో ఒక్కొక్కటే మూశాను. ఆ పని నాకెవరూ చెప్పలేదు.

మూడో నాటి పొద్దున చెల్లెకు తల లేవలేదు. రెండుసార్లు కక్కుకుంది. పసిపిల్ల పాలు పట్టలేదు, తట్టినా కండ్లు తెరవలేదు. గాలి సోకిందని విభూతి పెట్టి, తలుపు దగ్గర జపానికి కూర్చున్నాను.

అప్పుడే వడ్ల మామ పిల్లను ఊపే తొట్టెల తెచ్చాడు. వాకిట్లో నిలబడి చూరు చూశాడు. తొట్టెల కింద పెట్టాడు.

"గవి ఎవరు మూసిన్రు?"

నేను తల దించి జపమాల తిప్పాను. ఆయన మళ్లీ అడగలేదు. అటకకు దారి బాలింత గదిలోంచే; అందులోకి మగవాడు రాకూడదు కనుక నిచ్చెన బయటి గోడకు వేసి, పలకా జాలీ ఊడదీసి, బయటి నుంచే గుడ్డలు లాగడం మొదలుపెట్టాడు. అంతలో మంత్రసాని వచ్చింది.

"ఏందయ్యా వడ్లాయనా, కాన్పులు గూడ బాడిశతోనే చేస్తవా? గాలి కొడితె పిల్ల దక్కుతదా?"

"కాన్పు నీదేనవ్వా. కప్పు నాది" అని, నావైపు తిరిగి, "బిడ్డా, లోపటికి పో. బొగ్గుల గాలికి పోయే తొవ్వ లేదు. కుంపటి బయటికి తే. తలుపు తెరిచిపెట్టు" అన్నాడు.

ఒకరు తెరిస్తే పిల్ల పోతుందంటున్నారు, ఒకరు మూస్తే పోతుందంటున్నారు. పిల్ల ఒక్కతే. దేవుని పేరు తలచుకొని కుంపటి ఎత్తాను. పిల్ల ఏడ్చేదాకా ఎంతసేపయిందో నాకు తెలియదు. ఆ ఏడుపు విని ఆయన నిచ్చెన దిగాడు. మంచం చుట్టూ దుప్పటి కట్టించి, "గాలి పైనుంచి పోతది, నీ బాలింతకు తగలది. సరేనా అవ్వా?" అని మంత్రసానిని అడిగాడు. ఆమె మూతి తిప్పుకుంది గాని కాదనలేదు.

రంధ్రాలు మూసింది ఆమేనని వీధి అనుకుంది. కొందరు ఆమెను కాన్పులకు పిలవడం మానేశారు. చివరికి ఆమె ధూళిమిట్టలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. నేను నోరు విప్పలేదు. ఒకసారి వడ్ల మామతో, "నువ్వన్న చెప్పవైతివి మామా" అన్నాను. "చెప్పేది నువ్వు బిడ్డా" అన్నాడు. ఆ తరువాత ఎన్నేండ్లు మా ఇంటికి వచ్చినా ఆ మాట ఎత్తలేదు. నాతో మాట్లాడే తీరూ మార్చలేదు.

మంగళవారం చెల్లె గజ్వేల్ నుంచి వచ్చింది. వెంట ఆనాటి పసిపిల్ల, ఇప్పుడు తల్లి భుజం దాటి ఎదిగింది. వడ్ల మామ ఇంటి వాకిట్లో ఆడవాళ్ల నడుమ మేము కూర్చున్నప్పుడు, ఆ రంధ్రాలు నేనే మూశానని చెల్లె చెవిలో చెప్పాను.

"ఎరుకేనక్కా" అన్నది. "బాలింతకు కప్పు తప్ప ఏం కనవడ్తది? పలకల సందులకెంచి నీ చేతులు చూస్తనే ఉంటి."

"ఇన్నేండ్లు అడగవైతివి."

"నన్ను మంచిగ ఉంచాల్ననే మూస్తివి. నాకు నీ మీద ఏం లేదక్కా. ఆ ముసలమ్మ మీద మాట పడ్డది, గదొక్కటే."

వీధికి తెలియాలనే ఇది రాస్తున్నాను. మంత్రసానికి మాత్రం కాగితంతో కాదు, నోటితో చెప్పాలి. సోమవారం ఇద్దరం ధూళిమిట్టకు పోదామని అక్కడే కూర్చొని అనుకున్నాం.

పాడె లేచింది. ఆడవాళ్లం మలుపు దగ్గర ఆగిపోయాం. వీధికి రెండు వైపులా చూర్ల కింద ఆయన వదిలిన రంధ్రాలు తెరిచే ఉన్నాయి. ఒక ఇంటి అటక మీద ఎవరో మక్కజొన్నల బస్తా జరిపినట్టున్నారు. సన్నని పొట్టు చూరు కింద నుంచి రాలి, గాలికి కాసేపు తిరిగి, పోతున్న పాడె మీద వాలింది.