అంకమ్మరావు గారి పిల్లి

అంకమ్మరావు గారి చేతిలో పడిన దారం చిక్కుపడకుండా బయటికి వచ్చిన దాఖలా మా గుణదల చరిత్రలో లేదు. గాలిపటం దారమైనా, పూలు గుచ్చే దారమైనా, చివరికి మనవరాలి ఇయర్‌ఫోన్ తీగైనా ఆయన ఒకసారి ఆప్యాయంగా తాకితే చాలు, పిచ్చుక గూడై తిరిగొచ్చేది. పెడనలో తాతల నాటి నుంచి మగ్గం నేసిన వంశం, విజయవాడలో నూలు కొట్టు నడిపిన అనుభవం. అలాంటి మనిషికి ఈ గతి ఎందుకు పట్టిందని అడిగితే ఆయన జవాబు ఎప్పుడూ ఒక్కటే.

"ఏం చెయ్యమంటారు మాస్టారూ, పిల్లి."

మా అపార్ట్‌మెంట్‌లో పిల్లి లేదు. కుక్కా లేదు. అసోసియేషన్ వారు తీర్మానం చేసి పావురాలను కూడా బహిష్కరించారు.

ఆ లేని పిల్లి క్రిస్మస్ సెలవుల్లో మరీ విజృంభించేది. స్కూళ్లు మూసిన మర్నాడే అంకమ్మరావు గారు హాల్లో దుప్పటి పరిచి, కొట్టు మూసేసినప్పుడు మిగిలిపోయిన ఎర్ర నూలూ పచ్చ నూలూ దాని మీద కుప్ప పోసి, మెట్ల మీద నిలబడి ప్రకటించేవారు. "ఒరేయ్ పిల్లలూ, కొంప మునిగింది. పిల్లి పడింది. మీరు తప్ప నాకు దిక్కులేదు."

అన్ని అంతస్తుల నుంచీ పిల్లలు దిగేవారు. వాళ్ల తల్లుల సెల్‌ఫోన్లు ఆయన భార్య శివపార్వతి గారి బియ్యం డబ్బాలోకి పోయేవి. అందరూ చుట్టూ కూర్చుని చిక్కు తీయడం, తీసిన నూలు ఉండ చుట్టడం. ఎవరికి దారం కొస దొరికితే వాళ్లు "కొస!" అని అరవాలి. వాళ్ల హాలు కింది హాలు నాది. నా మధ్యాహ్నపు నిద్ర ఎన్ని కొసలకు బలైందో లెక్కలేదు.

ఆ రాజ్యంలో శాసనం ఒకటే, కత్తెర నిషేధం. ఒకసారి మూడో అంతస్తు ప్రత్యూష అమాయకంగా అడిగింది. "తాతగారూ, ఇక్కడ కట్ చేసేస్తే అయిపోతుంది కదా?"

ఆయన గుండె పట్టుకుని సోఫాలో కూలబడ్డారు. "కత్తెరా? తల్లీ, కత్తెర ఉంటుందని దర్జీ ఇంటి సంబంధమే వద్దన్నాడు మా నాన్న."

"అబద్ధం. దర్జీలే వద్దన్నారు," అన్నారు వంటింట్లోంచి శివపార్వతి గారు.

నిరుడు మా కింది వాటాలోకి రావమ్మ వచ్చింది. బీసెంట్ రోడ్డు చీరల షాపులో పని. భర్త లారీ మీద వెళితే ఎప్పుడొస్తాడో లారీకే తెలియాలి. పండగల సీజన్లో ఆమెకు సెలవు దొరకదు కాబట్టి, కొడుకు పవన్‌కుమార్‌ను మైలవరంలో తన తల్లి దగ్గరికి పంపేద్దామనుకుంది. ఇక్కడే చిక్కొచ్చింది. పండగ ముందురోజు మా వీధిలో వేసే క్రిస్మస్ నాటకంలో వాడికి గొర్రె వేషం ఇచ్చారు. సమయం చూసి "మే" అనాలి. డిసెంబరు పుట్టిన దగ్గర్నుంచీ వాడు మెట్ల మీద సాధన చేస్తున్నాడు.

"మా ఇంట్లో ఉంచమ్మా," అన్నారు శివపార్వతి గారు.

"ఊరికే ఎలా ఉంచుతానండీ? మీకు భారం." రావమ్మ పద్ధతి అది. గిన్నెడు కూర పంపితే గిన్నె ఖాళీగా తిరిగొచ్చేది కాదు.

ఆ సాయంత్రమే పిల్లి పడింది. అంకమ్మరావు గారు ఆమె గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. "అమ్మా రావమ్మా, ఈ చిక్కుకి సన్న వేళ్లు కావాలి. అపార్ట్‌మెంట్ మొత్తం వెతికాను. నీ కొడుకు వేళ్లే గతి."

"అవసరమంటే సరే బాబాయ్ గారూ," అంది ఆమె.

వచ్చిన ప్రమాదమేమిటంటే, పిల్లలు పనిలో ఆరితేరిపోయారు. పండగకు రెండ్రోజుల ముందే నూలంతా ఉండలైపోయింది. సాయంత్రం రావమ్మ ఆ ఉండల్ని చూసి, "పనైపోయిందిగా బాబాయ్ గారూ. రేపు పొద్దున్నే బస్సెక్కించేస్తాను," అంది. పవన్‌కుమార్ మెల్లగా "మే" అన్నాడు. గొర్రె పాత్రలో అంత లోతు నేనెన్నడూ ఎరగను.

మర్నాడు పొద్దున్నే పేపరు కోసం పైకి వెళ్లాను. తలుపు ఓరగా ఉంది. బాల్కనీలో బనీనుతో అంకమ్మరావు గారు. మెడ చుట్టూ ఎర్ర నూలు, కాలి వేళ్లకు పచ్చ నూలు, పళ్ల మధ్య ఒక కొస. రెండో కొస పట్టుకుని శివపార్వతి గారు.

"ఏవండీ, ఆ ముడి మరీ తేలిగ్గా ఉంది. ప్రత్యూష చిటికెలో తీసేస్తుంది."

నన్ను చూశారు.

"పిల్లా?" అన్నాను.

"పిల్లే," అన్నారాయన, నోట్లో కొస తీయకుండానే. "ఊరికే నిలబడే బదులు ఆ ఉండ ఇటు విప్పండి మాస్టారూ. బస్సు టైమైపోతోంది."

విప్పాను. చిక్కు వేయడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. నేను వేసిన ముడులన్నీ లాగితే ఊడిపోయాయి.

"ఇన్నేళ్లు పాఠాలు ఎలా చెప్పారండీ?" అన్నారు శివపార్వతి గారు జాలిగా.

ఇంతలో బ్యాగుతో రావమ్మ, ఆమె వెనక గొర్రె, సెలవు తీసుకోవడానికి వచ్చారు. ఆమె కుప్పను చూసింది. "మళ్లీ పిల్లేనా?"

"మళ్లీ అదే తల్లీ. సాయంత్రం దాకా పట్టేట్టుంది," అన్నారాయన దీనంగా.

ఆమె నా వైపు తిరిగింది. "మాస్టారూ, మీరు చూశారా ఆ పిల్లిని?"

తరతరాల విద్యార్థులకు సత్యవ్రతం బోధించిన వాణ్ణి. గొంతు సవరించుకున్నాను. "చూశానమ్మా. బాగా పెద్దది. మీసాలు నెరిశాయి."

రావమ్మ ఆయన మెడలో వేలాడుతున్న ఎర్ర నూలు వైపు ఒక్క క్షణం చూసి, బ్యాగు కింద పెట్టింది. "ఇంత అవసరంలో ఉన్న మనుషుల్ని వదిలి ఎలా పంపుతానండీ."

సాయంత్రం నాటకంలో దేవదూతలు మాటలు మర్చిపోయారు. గొర్రె మాత్రం ఎక్కడా తడుముకోలేదు.

పండగనాడు నేనూ పైనే ఉండగా రావమ్మ కరకరలాడే గులాబీ పువ్వులూ కేకూ పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. పక్కన మూత పెట్టిన స్టీలు గ్లాసు. "ఇది మీ పిల్లికి బాబాయ్ గారూ," అని చెప్పి వెళ్లిపోయింది.

అంకమ్మరావు గారు మూత తీశారు. వేడి పాలు. చక్కెర వేసి, యాలకులు దంచి వేసి, పైన జీడిపప్పు చల్లి ఉంది.

ఆయన వంగి వాసన చూశారు. "మాస్టారూ, పిల్లులు యాలకులు తింటాయంటారా?"

"కొన్ని తింటాయి," అన్నాను.

ఆయన గ్లాసెత్తి ఆఖరి జీడిపప్పు దాకా తాగేసి, నెరిసిన మీసాలు తుడుచుకున్నారు.