కొట్టినాడని చెప్పమన్నారు

2022 వేసవి. అనంతపురంలో కోర్టు వెనక సందులో మా మేడం ఆఫీసు. ఆమె విడాకుల కేసులు చూసే లాయరు, నేను ఆమె గుమాస్తాను. మేడంను కలవాలంటే ముందురోజే నా దగ్గరికి రావాలి. ఆధార్, పెళ్లి ఫోటో, శుభలేఖ ఉన్నాయో లేదో చూసి ఫ్యాక్ట్స్ రాసుకుంటాను. అంటే జరిగింది జరిగినట్టు వరసగా చెప్పించడం. రాజీ మాటలకని రెండు వైపుల వాళ్లూ వస్తే మాత్రం వరండాలోనే తగువుకు దిగేవాళ్లు. అరుపులంటే నాకు ఒళ్లు మంట. "ఇది ఆఫీసా, సంతా?" అని కసిరి వీధిలోకి తరిమేదాన్ని.

ఒకరోజు కళ్యాణదుర్గం దగ్గరి పల్లె నుంచి సుంకమ్మ వచ్చింది. ముప్పై దాటి ఉండవు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే పని, గోళ్ల అంచుల్లో ఆ నీలం రంగు ఇంకా పోలేదు. వెంట వచ్చిన మేనమామ ఆమెను నోరు తెరవనివ్వలేదు.

"రాసుకోమ్మా. దినామూ తాగొచ్చి కొడతాండాడు. పుట్టింటి నుంచి దుడ్లు తెమ్మంటాండాడు. రెండు మాట్లు గొంతు పిసికినాడు."

"ఆ పిల్లను చెప్పనీప్పా" అన్నాను.

సుంకమ్మ చెప్పింది. అవే మాటలు, అదే వరస. మళ్లీ అడిగితే మళ్లీ అదే. నాకు అనుమానం వచ్చింది. దెబ్బలు తిన్న ఆడవాళ్లు ఇలా పాఠం అప్పజెప్పరు. ఎక్కడో మధ్యలో మొదలుపెడతారు, వెనక్కి పోతారు, ఏడుస్తారు. మేనమామను జిరాక్సు తెమ్మని పంపించి, అందరినీ అడిగేదే ఆమెనూ అడిగాను.

"కొట్టిన పొద్దు ఏం వండింటివి?"

ఆ సంగతి ఎవరూ మరిచిపోరు. కూర మాడిందనో, సంగటి కెలుకుతున్నాననో వెంటనే చెబుతారు. సుంకమ్మ తల దించుకుంది.

"ఆయప్ప కొట్టలేదక్కా."

"మరేమి?"

"మాట్లాడడు."

భర్త తిప్పేస్వామి వేరుశనగ రైతు. మూడో బోరు కూడా ఎండిపోయాక మాటలు మానేశాడు. పొద్దున్నే చేనికి పోయి, నీళ్లు రాని ఆ బోరు పక్కన కూర్చుని, చీకటి పడ్డాక వస్తాడు. పెడితే తింటాడు. డాక్టరుకు చూపించింది కానీ మాత్రలు మింగడు.

"బిడ్డకు జరమొచ్చి ఒళ్లు కాలిపోతాంటే, ఆటో పిలుచుకు రాప్పా అంటి. నా మొగం జూసినాడు, అంతే. ఒగనాడు తట్టుకోలేక నేనే కొట్టినా అక్కా, ఆయప్పను. అప్పుడు గూడా ఏమీ అనలే. తిరగబడి కొట్టింటే బాగుండు అనిపించింది."

"మరి ఈ అబద్ధాలెందుకు?" అన్నాను.

"కొట్టినాడంటేనే కేసు నిలబడతాదంట. మాట్లాడడని చెప్తే కోర్టులో నగుతారని మా మామ చెప్పినాడు."

"అట్ల రాస్తే రేపు పోలీసు కేసు గూడా పెట్టమంటాడు మీ మామ. ఆయప్పను స్టేషనుకు పిలుస్తారు."

సుంకమ్మ తలెత్తింది. "పిలిస్తే గూడా ఆయప్ప లేదని చెప్పడు గదక్కా. కొట్టినావా అంటే ఊరకనే నిలబడుకోనుంటాడు. లోపలేసేస్తారు."

మరుసటి రోజు మేడం గది బయట మేనమామ ఆమెకు మళ్లీ పాఠం చెబుతూనే ఉన్నాడు. నేను ఫైలు పట్టుకుని వాళ్ల వెనకే లోపలికి వెళ్లాను. మేడం అడిగింది. సుంకమ్మ నిలబడే చెప్పింది.

"కొట్టలే మేడం. కొట్టినాడని చెప్పమన్నారు. ఆ ఇంట్లో మాట లేదు. ఆడే ఉంటే నా బిడ్డకు గూడా మాట పడిపోతాదని బయంగా ఉండాది."

మేనమామ లేచాడు. "ఇంగ నీ కర్మ. నా గడప తొక్కాకు" అని వెళ్లిపోయాడు. పుట్టింటి వైపు ఆమెకున్నది ఆయనొక్కడే.

మేడం మ్యూచువల్ కన్సెంట్ దారి చెప్పింది. ఇద్దరూ ఒప్పుకొని కలిసి వేసే పిటిషన్ అది, ఎవరి మీదా నేరం మోపక్కర్లేదు. తిప్పేస్వామిని వాళ్లన్న తీసుకొచ్చాడు. మేడం అతన్ని ఒంటరిగా కూర్చోబెట్టి, అర్థమైందా, ఇష్టమేనా అని మళ్లీ మళ్లీ అడిగింది. తలూపి సంతకం చేశాడు. తర్వాత ఆరు నెలలు గడువు ఉంటుంది, ఈలోపు మనసు మారితే ఆపుకోవచ్చు. వాళ్లు ఆపుకుంటారేమోనని నేను ఆశపడ్డాను. ఏమీ మారలేదు.

చివరి వాయిదా రోజు, ఇష్టపూర్వకంగానే విడిపోతున్నారా అని జడ్జిగారు ఇద్దరినీ అడిగారు. సుంకమ్మ అవునంది. తిప్పేస్వామి తలూపాడు. నోటితో చెప్పాలి అన్నారు జడ్జిగారు. హాలంతా అతని వైపే చూసింది. ఎట్టకేలకు బొంగురు గొంతుతో పలికాడు.

"ఆయమ్మది తప్పేం లేదు సార్. పోనీండి."

బయటికొచ్చాక సుంకమ్మ మెట్ల మీద కూలబడి నా చెయ్యి పట్టుకుంది. "ఈ మాట ఇంట్లో ఒగసారి అనింటే, నేను యాడికి పోతా అక్కా?" అని ఏడ్చింది. నీళ్ల సీసా ఇచ్చాను. ఆమె బిడ్డ దగ్గరికని రాయదుర్గం బస్సెక్కింది. అతన్ని వాళ్లన్న కళ్యాణదుర్గం బస్సెక్కించాడు.

పోట్లాటల వల్లే కాపురాలు కోర్టుకొస్తాయని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ కేసు తర్వాత అలా అనుకోలేకపోయాను. ఇప్పటికీ మా వరండాలో మొగుడూ పెళ్లాలు గొంతులు చించుకుంటారు. పక్కాఫీసు వాళ్లు వచ్చి "ఏమక్కా, వాళ్ల నోళ్లు మూయించవా?" అని అడుగుతారు.

"అరుచుకోనీలేప్పా" అంటాను.