విమానం నడిపే బావమరిదికి రాజోలు దారిలో దొరికిన రెండు ఉద్యోగాలు

మా బావమరిది కిరణ్ విమానం నడుపుతాడు. మరీ పెద్దది కాదు, రెక్కలకి పంకాలు తిరుగుతుంటాయే, చిన్న ఊళ్ళకి తిరిగే, డెబ్బై మంది పట్టే విమానం. దానికి వాడు కెప్టెను, ఎడమ సీటు వాడిది. ఇప్పుడు వాళ్ళ కంపెనీని ఓ పెద్ద కంపెనీ కలిపేసుకుంటోంది. పెద్దవాళ్ళు అడిగింది ఒకటే: మా పెద్ద విమానంలో కుడి సీట్లో, అంటే మళ్ళీ రెండో పైలట్‌గా, అందరికంటే జూనియర్‌గా చేరతావా, లేక లెక్క తేల్చుకుని వెళ్ళిపోతావా? శుక్రవారం సాయంత్రం ఆరింటికల్లా మెయిల్ పెట్టాలి. వాడు కొత్తపేటలో మా ఇంటికొచ్చి, నాలుగు రోజులు ఆ ఫోన్నే చూస్తూ కూచున్నాడు. అన్నం కెలికి లేచిపోతున్నాడు. "మీ వెధవ వేషాలు ఎందుకూ పనికిరావా? వాడిని నవ్వించండి, లేదా రైలెక్కించండి" అంది మా ఆవిడ. రెండూ చేద్దామని శుక్రవారం పొద్దున్నే బయల్దేరదీసేను. నరసాపురంలో సాయంత్రం హైదరాబాదు రైలుంది. దానికి మామూలు మనుషులు కారులో వెళ్తారు. మేము కోనసీమ చుట్టి వెళ్ళేము.

కొత్తపేట నుంచి అమలాపురం బస్సు గంటలోపే దింపేస్తుంది. కిటికీ పక్కన కూచుంటే దారంతా కొబ్బరి తోటలూ, కాలవలే. మావాడు మాత్రం ఫోన్లో మెయిలే చూస్తున్నాడు. అమలాపురంలో ఇడ్లీ తిని, రాజోలు మీదుగా సఖినేటిపల్లి రేవు దాకా ఆటో మాట్లాడేను. వెయ్యి అన్నాడు, ఎనిమిదొందలకి దిగేడు. షేర్ ఆటోలైతే చవకే గానీ రెండు మూడు మారాలి. డ్రైవరు పేరు సత్తిబాబు. బండి మొత్తం మేమే మాట్లాడుకున్నా అంబాజీపేటలో ఒకావిడని కొబ్బరాకు చీపుళ్ళ కట్టలతో సహా ఎక్కించేసేడు. "దారే కదండీ" అన్నాడు. దాంతో వెనక చోటు చాలక, మా కెప్టెను గారు డ్రైవరు పక్కన సగం పిర్ర మీద కూచోవలసొచ్చింది.

నా నోరు ఊరుకోదు కదా. "సత్తిబాబూ, ఈ అబ్బాయి హైదరాబాదులో బస్సు డ్రైవరు. కంపెనీ ఇంకో కంపెనీలో కలిసిపోతోంది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు, పాపం" అన్నాను. కిరణ్ వెనక్కి తిరిగి నన్ను కొరికేసేలా చూసేడు.

సత్తిబాబు బండి స్లో చేసేసేడు. "అయ్యయ్యో! ఉండండి. మా బావకి చేపల లారీ ఉందండీ, దాని డ్రైవరు మానేసేడు. భీమవరం లోడు. మాట్లాడమంటారా?"

"వద్దండీ. పక్క సీట్లో ఉంటే ఉండమన్నారు. అదే ఆలోచిస్తున్నాను" అన్నాడు కిరణ్.

"ఆయ్, దానికి ఆలోచనెందుకండీ? నేనిక్కడ లారీ తోలి కువైట్ వెళ్తే, నా లైసెన్సు అక్కడ చెల్లదన్నారు. ఏడాది పక్క సీటే."

"నామోషీగా అనిపించలేదా?"

"మొదటి ఆర్నెల్లూ అనిపించిందండీ. అందుకని నిద్రపోయేవాణ్ణి. మిగతా ఆర్నెల్లూ రోడ్లు నేర్చుకున్నాను. తరవాత ఆరేళ్ళు బండి నాదే."

కిరణ్ ఫోను జేబులో పెట్టడం ఆ రోజు అదే మొదలు.

రాజోలులో భోజనం సువార్తమ్మ గారి మెస్సులో. నూట ఇరవైకి భోజనం, రొయ్యల ఇగురు వేరే. ఆవిడ వడ్డిస్తూ అందరి సంగతులూ అడుగుతుంది. మనం చెప్పకపోతే నొచ్చుకుంటుంది. నేను నోరు తెరిచేలోపే సత్తిబాబు మావాడి కష్టమంతా చెప్పేసేడు. నేను చెప్పిన దానికంటే బాగా చెప్పేడు.

ఆవిడ గరిట పట్టుకునే ఇంటర్వ్యూ మొదలెట్టింది. "మా తమ్ముడి స్కూలు బస్సుకి మనిషి కావాలి బాబూ. తాగుతావా?"

"లేదండీ. డ్యూటీ ఎక్కేముందు గొట్టంలో ఊది చూపిస్తాం."

"రోజూ ఊదిస్తున్నారంటే ఎప్పుడో దొరికిపోయి ఉంటావు. పోనీలే, మానేసేవు కదా. ఒంట్లో బాగుంటుందా?"

"ఏటా కళ్ళూ, గుండే, రక్తం అన్నీ పరీక్ష చేయిస్తారండీ."

"ఇంత చిన్న వయసులో అన్ని రోగాలా, నా తండ్రే!" అని ఇంకో గరిటెడు ఇగురు వేసి, అక్కడే తమ్ముడికి ఫోన్ కలిపింది. "కుర్రోడు మంచోడే రా. కాస్త రోగిష్టి. కండక్టరుగా ఐనా చూడు."

కిరణ్‌కి పొలమారింది. వాడు నవ్వుతున్నాడని నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. మూడోసారి అన్నం పెట్టించుకున్నాడు.

సఖినేటిపల్లి రేవులో దిగేక, ఆ అబద్ధాన్ని అలాగే వదిలేయడానికి కిరణ్‌కి మనసొప్పలేదు. "సత్తిబాబు గారూ, మా బావగారు వేళాకోళం చేసేరండీ. నేను నడిపేది బస్సు కాదు, విమానం."

సత్తిబాబు ఎంతో మర్యాదగా, "ఆయ్, అలాగేనండీ" అన్నాడు. అని, నన్ను పక్కకి లాగి, "ఒంటరిగా రైలెక్కించకండీ. దిగులు తలకెక్కేసింది" అని గొంతు తగ్గించి చెప్పేడు.

కిరణ్ ఫోన్లో ఉన్న తన ఫొటో ఒకటి వెతికి చూపించేడు. తెల్ల చొక్కా, భుజం మీద నాలుగు చారలు, వెనకాల విమానం. సత్తిబాబు ఆ ఫొటోని పెద్దది చేసి చూసేడు, మావాడి మొహం చూసేడు, మళ్ళీ ఫొటో చూసేడు. చివరికి, "అయితే లారీ వద్దనమంటారా?" అన్నాడు.

"ఇప్పుడే అనకండి. నంబరివ్వండి, దగ్గరుంచుకుంటాను" అన్నాడు కిరణ్.

పంటు అంటే ఆటోలూ, బైకులూ, మనుషులూ అన్నీ ఎక్కే బల్లపరుపు పడవ. గోదావరి దాటించి నరసాపురం ఒడ్డున దింపడానికి పది పదిహేను నిమిషాలు చాలు, టికెట్టు టీ ఖరీదుకి కాస్త ఎక్కువ. సగం నీళ్ళు దాటేక కిరణ్ ఫోను తీసేడు. ఆరింటికి ఇంకా టైముంది. రెండు ముక్కలు కొట్టి పంపేసేడు.

"ఏమని పెట్టేవురా?"

"కుడి సీటే బావగారూ. ఈసారి మొదటి రోజునించే మెలకువగా ఉంటాను."

ఆ కలిసిన కంపెనీ ఎలా ఉంటుందో, వీడికి ఎడమ సీటు మళ్ళీ ఎప్పుడొస్తుందో నాకు తెలీదు. తొమ్మిదో తరగతితో ఆగిపోయినోణ్ణి, విమానాల సంగతి నాకెందుకు? నాకు తెలిసిందల్లా, ఇంత బతుకులో నేనాడిన అబద్ధాన్ని జనం నమ్మి ఎవరికైనా మేలు చెయ్యడం ఇదే మొదటిసారి. నేను ఆట పట్టిద్దామనుకున్నాను. వాళ్ళు ఆడలేదు, పని చూసిపెట్టేరు. అడగని మనిషికి, పేరైనా పూర్తిగా తెలీని మనిషికి. రైలు కదిలేముందు కిరణ్ కిటికీలోంచి, "స్కూలు బస్సు సంగతి కూడా కనుక్కోండి" అని అరిచేడు. పక్కనున్న పెద్దాయన, "ఉద్యోగం చూస్తున్నావా బాబూ?" అంటూ వాడి వైపు జరిగేడు.

మీరూ ఈ దారినే వెళ్ళి నరసాపురంలో రైలు పట్టుకునేటట్టయితే, రాజోలులో భోజనం రెండింటికల్లా ముగించండి. పంటు నిండితేగానీ కదలదు, గోదావరికి వరదొస్తే అసలు తిప్పరు. రెండింటికల్లా ఆవిడ ప్రశ్నలు తప్పించుకుని మెస్సులోంచి ఎలా బయటపడాలో మాత్రం నేను చెప్పలేను. సువార్తమ్మ గారు అడిగితే ఉద్యోగం ఉందనే చెప్పండి.