లోవెల్ గారి కాన్పు

లోకంలో ఎవరికి ఏ బాధ ఉన్నా, అది తనకే ఉందని నిండు క్లాసులో లేచి చెప్పుకోవడం లోవెల్ బ్రాండ్‌వోల్డ్ గారి అలవాటు. అవీ మామూలు బాధలు కావు. అమెరికాలోని మినసోటాలో మోకాలి నొప్పి గురించి చెప్పాలన్నా జనం గొంతు సవరించుకుని, కిటికీలోంచి మంచు వంక కాసేపు చూసి, చివరికి "ఆఁ, ఏం లేదులెండి" అనేస్తారు. అలాంటి చోట, డెబ్బై ఏళ్ల వయసులో మానవ లైంగికత మీద ఎం.ఏ.లో చేరి, మొదటి వరసలో కూర్చుని, పడకగది సంగతులు మైకు లేకుండా వెనక గోడదాకా వినిపించేవారాయన.

అంతకు ముందు నలభై ఏళ్లు పళ్ల డాక్టరు. చేరడానికి వచ్చిన రోజు ఆఫీసులో అమ్మాయి ఎంతో మర్యాదగా అడిగింది.

"మనవరాల్ని చేర్పించడానికి వచ్చారా అండీ?"

"కాదమ్మా, నన్ను నేనే చేర్పించుకుందామని."

"ఏ కోర్సండీ?"

ఆయన చెప్పారు. వరసలో నిలబడ్డవాళ్లంతా ఒక్కసారిగా ఫోన్లలో తలలు దూర్చారు.

"అంత గట్టిగా చెప్పక్కర్లేదండీ," అంది ఆ అమ్మాయి చెవులదాకా ఎర్రబడి.

"మెల్లిగా చెబితే నీకు వినిపించదేమోనని," అన్నారాయన.

ఆయన అలవాటుకి సగం కారణం ప్రొఫెసర్ రెనాటా కోవాచ్ గారు. ఆవిడ క్లాసులో ఒకటే నియమం, స్నేహితులకు ప్రవేశం లేదు. ఏటా ప్రతి పిల్లా పిల్లాడూ "మా ఫ్రెండ్‌ ఒకరికి మేడం..." అంటూ లేవడం చూసి చూసి ఆవిడకి విసుగెత్తిపోయింది. "ఏమడిగినా 'నాకు' అని అడగండి. రేపు మీ దగ్గరికి సలహాకొచ్చే మనిషి అలాగే చెప్పుకోవాలి కదా, ముందు మీకు అలవాటు కావాలి," అనేది. ఉద్దేశం మంచిదే. ఫలితం మాత్రం, క్లాసు మొత్తానికి నోరు పడిపోయింది. ఒక్క లోవెల్ గారికి తప్ప.

"మేడం, నేను డిప్రెషన్‌కి మాత్రలు వాడుతున్నాను," అని ఒకవారం లేచారు. "మనసు కుదుటపడింది గానీ కోరిక అన్నది పూర్తిగా చచ్చిపోయింది. మాత్రలు మానెయ్యనా?"

"మానొద్దు లోవెల్. మీ డాక్టరుకి ఇదే మాట చెప్పండి. మందు మార్చొచ్చు, మోతాదు మార్చొచ్చు."

ఆ పై వారం ఇంకొకటి. "నాకింతవరకూ ఎవరితోనూ అనుభవం లేదు మేడం. ఇప్పుడో స్నేహం కుదిరింది. ఆ సంగతి ముందే చెప్పెయ్యాలా?"

"మీకు నలుగురు పిల్లలు కదండీ!" అని అరిచాడు వెనకనుంచి గ్యారిక్ అనే కుర్రాడు.

"ఉంటే? అనుమానం అనుమానమే," అన్నారు లోవెల్ గారు, ఏమాత్రం తొణక్కుండా.

క్లాసంతా బల్లలు బాదుతూ నవ్వింది. కోవాచ్ గారు మాత్రం నవ్వకుండా, చెప్పడంలో తప్పు లేదనీ, చెబితే పారిపోయే మనిషైతే ఆ పారిపోయేదేదో ముందే పారిపోవడం మంచిదనీ వివరంగా చెప్పింది.

ఇవన్నీ అక్కడితో ఆగేవి కావు. క్లాసులో ఒకమ్మాయి మేనత్త, లోవెల్ గారి భార్య ఆర్లీన్ గారు పాడే చర్చి బృందంలోనే పాడుతుంది. ఆ లూథరన్ చర్చి ఆడవాళ్లు ఎదుటివాళ్ల కష్టం గురించి చచ్చినా అడగరు. హాట్‌డిష్ తెస్తారు. మాంసం, బఠాణీలు, పుట్టగొడుగుల సూప్ కలిపి, పైన బంగాళదుంప ముక్కలు పేర్చి కాల్చిన గిన్నె గుమ్మంలో పెట్టి, చెయ్యి ఓసారి నొక్కి వెళ్లిపోతారు. ఆర్లీన్ గారి ఫ్రిజ్ తలుపు పడడం మానేసింది.

"ఈ వారం నీకేం జబ్బు లోవెల్?" అని అడిగేదావిడ. "మా బృందంలో మార్లిస్ ఇంత పెద్ద గిన్నె తెచ్చింది. కాస్త గట్టి జబ్బే అయ్యుండాలి."

"అడక్కు, తిను," అనేవారాయన.

ఆయన పక్క కుర్చీ థియాది. ఆయన లేచినప్పుడల్లా ఆవిడ తల దించుకునేది. ఈ పెద్దాయన పరువు ఇలా పోతోందే అని ఆవిడ ప్రాణం కొట్టుకునేది. నిజానికి ఆవిడకి కొట్టుకోవలసిన బాధ వేరే ఉంది. పాప పుట్టి ఎనిమిది నెలలైంది. అప్పటినుంచీ భర్త నోలన్ దగ్గరికొస్తే కత్తితో కోసినంత నొప్పి. డాక్టరుకి ఎలాగో నోరు పెగల్చుకుని చెబితే, "ఓ గ్లాసు వైన్ తాగి స్థిమితంగా ఉండండి," అన్నాడు. తాగింది. నొప్పి తగ్గలేదు, పైగా తలనొప్పి తోడైంది. పాప ఏడుస్తోందన్న వంకతో ఆవిడ పాప గదిలోనే పడుకోసాగింది. పాప హాయిగా నిద్రపోయేది. నోలన్ మాత్రం మాటలు తగ్గించేశాడు.

పదిమంది కాపురాలు చక్కదిద్దే చదువు చదువుతూ సొంత కాపురం సంగతి నోరెత్తలేకపోతున్నాను, నాకీ డిగ్రీ ఎందుకు అనిపించింది థియాకి. మానేద్దామని నిశ్చయించుకుని, క్యాంటీన్‌లో లోవెల్ గారికి చెప్పింది.

"వచ్చే వారం నుంచి రానండీ."

ఆయన యాపిల్ కొరకడం ఆపి ఆవిడ వంక చూశారు. "నువ్వు క్లాసులో రోజూ నోరు తెరిచి, మళ్లీ మూసేస్తావమ్మాయ్. అలాంటి నోళ్లు నేను బోలెడు చూశాను. పన్ను నొప్పంటే సిగ్గుపడి, దవడ వాచేదాకా వచ్చేవాళ్లు కాదు."

"నాకేం లేదండీ. మా కజిన్‌కి..."

"ఆ కజిన్ పేరు నాకొద్దు. నొప్పి ఎక్కడో చెప్పు."

థియా ట్రేలో ఉన్న చెంచాకి చెప్పుకున్నట్టు అంతా చెప్పింది. ఆయన విని, తలూపి, యాపిల్ పూర్తి చేసి లేచి వెళ్లిపోయారు. ఇంతేనా అనుకుంది థియా. చివరిసారిగా ఒక్క క్లాసుకి వెళ్లి, అందరికీ చెప్పేసి వద్దామని వెళ్లింది.

కోవాచ్ గారు ఇంకా కోటు విప్పలేదు, లోవెల్ గారు లేచారు.

"మేడం, నాకు కాన్పయి ఎనిమిది నెలలైంది."

గ్యారిక్ కుర్చీలోంచి కింద పడ్డాడు.

"మగపిల్లాడా, ఆడపిల్లా?" అని ఎవరో కేక.

"ఆడపిల్ల. బాగానే ఉంది. నేనే బాగా లేను," అని, థియా చెప్పిన ప్రతి మాటా, వైన్ గ్లాసుతో సహా, ఎక్కడా తడబడకుండా చెప్పారాయన. కోవాచ్ గారు పెదవి కొరుక్కుంటూ తన నియమానికి తానే కట్టుబడింది.

"వైన్ తాగమన్న డాక్టరుని మార్చండి లోవెల్," అంది. "ఇది మీ ఒక్కరికే కాదు, చాలామంది బాలింతలకి వస్తుంది. కటి కండరాలకి ఫిజియోథెరపీ చేసేవాళ్లున్నారు. చాలామందికి కొన్ని నెలల్లో బాగా తగ్గుతుంది. మీ తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు."

ఆ చివరి మాటకి థియా కళ్లలో నీళ్లు నిండాయి. దాచుకోవడానికి తల తిప్పితే, అందరూ నవ్వుతున్న ఆ గదిలో ఓ మూల కూర్చున్న ఇంకొకావిడ కూడా నవ్వడం లేదు. ఆ మాటలు గబగబా రాసుకుంటోంది. అప్పుడు వెలిగింది థియాకి. మాత్రల సంగతి అడిగిన రోజు నవ్వకుండా రాసుకున్నది కిటికీ దగ్గర కూర్చునే అబ్బాయి. 'అనుభవం లేదు' అన్న రోజు అందరికన్నా గట్టిగా అరిచిన గ్యారిక్, జవాబు వస్తుంటే మాత్రం కిక్కురుమనలేదు. ఈ మహానుభావుడికి ఒక్క జబ్బూ లేదు. అందరి సిగ్గూ తన నెత్తిన వేసుకుని, దర్జాగా తిరుగుతున్నాడు.

చదువు మానే మాట ఆ రోజు థియా ఎవరికీ చెప్పలేదు. ఇంటికెళ్లి నోలన్‌కి వేరే మాట చెప్పింది, 'నాకు' అనే మొదలుపెట్టి.

"నేనంటే నీకు ఇష్టం పోయిందనుకున్నాను," అన్నాడతను.

"పిచ్చివాడా," అంది థియా. ఇద్దరూ కలిసే ఫిజియోథెరపీకి ఫోన్ చేశారు.

మంచు కరిగి, వాకిళ్లలో బురద తేలే నాటికి ఆవిడ నొప్పి చాలావరకు పోయింది. పాప గదిలో పాప ఒక్కతే పడుకుంటోంది. ఇంత మేలు చేసిన మనిషికి థాంక్స్ చెప్పకుండా ఉండలేక, ఒక ఆదివారం పాపని చంకనేసుకుని వెళ్లి బ్రాండ్‌వోల్డ్ గారి తలుపు తట్టింది. ఆర్లీన్ గారు తలుపు తీసి, తల్లినీ పిల్లనీ ఎగాదిగా చూసింది.

"నువ్వు ఆయన క్లాసులో అమ్మాయివా? మంచి సమయానికి వచ్చావు. మా ఆయనకి కాన్పయిందని చర్చి అంతా చెప్పుకుంటున్నారు. మార్లిస్ ఊలు మేజోళ్లు కూడా అల్లింది. నాకొక్కదానికే ఎవరూ ఏమీ చెప్పరు."

పరాయి గుమ్మంలో నిలబడి, థియా తల ఎత్తి చెప్పింది. "కాన్పు నాదండీ. నొప్పీ నాదే. అడగడానికి నాకు నోరు రాకపోతే, ఆయన అడిగారు. ఆయన వల్లే తగ్గింది. నా కాపురం ఆయన నిలబెట్టారు."

ఆర్లీన్ గారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. ఆ తర్వాత చేతులు చాపి పాపని అందుకుని, ఇంట్లోకి తిరిగి గొంతెత్తి పిలిచింది.

"లోవెల్! ఓ బాలింతా! లేచి రా, నీ కూతురొచ్చింది!"