నాంచారయ్య చరుపు

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఎందుకుంటుంది చెప్పండి, మా వీధిలో తిరిగిన దయ్యాల్లో సగం నేను తయారుచేసినవే. విజయవాడ వన్ టౌన్‌లో మాది చేనేత బట్టల కొట్టు. కొట్టు వెనక చీరల బేళ్ళు పేర్చే గోడౌన్ ఒకటుంది. అందులో చీకటి పడ్డాక తెల్లచీర కట్టుకున్న ఒకావిడ కూర్చుని బట్ట మూరలు కొలుస్తూ ఉంటుందని పుట్టించింది నేనే. గుమాస్తాలు అందులో చేరి పేకాడకుండా ఉంటారని చెప్పానది. కొన్నాళ్ళకి ఆవిడకి పేరూ, ఊరూ, మొగుడూ కూడా వచ్చేశారు. ఆ మొగుణ్ణి కళ్ళారా చూశామని నా దగ్గరికే వచ్చి చెప్పినవాళ్ళున్నారు.

కాబట్టి ఇప్పుడు చెప్పేది నమ్మి తీరాలని నేనడగను. మా చుట్టాల్లోనే ఎవరూ నమ్మలేదు. ఒక్క సంగతి మాత్రం గమనించండి. కోతలు కోయదలిస్తే నేను ఇంతకంటే బాగా కోస్తాను. ఇందులో తెల్లచీర లేదు, అర్ధరాత్రి లేదు, కుక్కలు ఏడవలేదు. పొద్దున్నపూట, టిఫిన్ వేళకి జరిగింది.

ముందు మా బావ కోటేశ్వరరావు గురించి చెప్పాలి. మా మేనత్త కొడుకు, మా అక్కకి భర్త. పామర్రు మనిషి. తొంభైల్లో సొంత లారీ తోలేవాడు. పామర్రు నుంచి బియ్యం, ఇబ్రహీంపట్నం నుంచి థర్మల్ కరెంటు స్టేషను బూడిద, ఏది దొరికితే అది వేసుకుని తిరిగేవాడు. ఆయన క్లీనరు నాంచారయ్య. బందరు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె అతనిది. ఇంటిల్లిపాదీ చేపల వేటకెళ్ళేవాళ్ళే. ఇతను మాత్రం పడవెక్కితే వాంతులు చేసుకునేవాడు. అందుకని లారీ ఎక్కాడు.

లారీల సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట. వన్ టౌన్ సందుల్లో బండి వెనక్కి పెట్టేటప్పుడు డ్రైవరు అద్దాలు చూస్తూ కూర్చోడు. క్లీనరు దిగి వెనక నిలబడి అరచేత్తో బాడీ మీద చరుస్తాడు. ఒకటి చరిస్తే ఆపెయ్. రెండు చరిస్తే పోనీయ్, ముందుకైనా వెనక్కైనా. చరుపు వినపడ్డాక డ్రైవరు ఎందుకని అడగడు, తల తిప్పి చూడడు. కాలు దానంతటదే పని చేస్తుంది.

నాంచారయ్య చరుపు అందరి చరుపులాంటిది కాదు. అతని కుడిచేతికి లావుపాటి రాగి ఉంగరం ఉండేది. అరచెయ్యి పడగానే రేకు దబ్‌మనేది, ఆ వెంటనే ఉంగరం టక్‌మనేది. మా కొట్లో కూర్చుని వింటే బావ లారీ సందులోకి వచ్చిందని చూడకుండానే చెప్పేవాణ్ణి.

ఒక వానాకాలం నాంచారయ్య కామెర్లొచ్చి పోయాడు. బావ లోడుతో ఎక్కడో దూరాన ఉన్నాడు. వచ్చేసరికి అంతా అయిపోయింది. తర్వాత ఇంకో క్లీనర్ని పెట్టుకున్నాడు గానీ, ఆ కుర్రాడు ఎంత చరిచినా బావ కాలు బ్రేకు మీదికి పోలేదు. మా గోడౌన్ గోడ ఒకటి కూలింది. అక్కడితో స్టీరింగు వదిలేసి, డ్రైవర్లని పెట్టుకుని ఓనరయ్యాడు. కారు కొన్నాడు, నడిపేవాడు, కానీ వెనక్కి మాత్రం పెట్టేవాడు కాదు. పెళ్ళిళ్ళకి వెళితే ముందుకి బయటపడే చోటు దొరికేదాకా ఊరంతా తిరిగేవాడు. దొరక్కపోతే మేం దిగి తోసేవాళ్ళం.

రెండువేలు దాటిన కొన్నేళ్ళకి న్యూజిలాండ్‌లో ఉన్న మా బామ్మర్ది గృహప్రవేశానికి పిలిచాడు. నేనూ, మా ఆవిడ రాజ్యం, అక్కా బావా వెళ్ళాం. అయ్యాక దేశం చూడమని ఒక క్యాంపర్‌వ్యాన్ అద్దెకి తీసిచ్చాడు. అందులోనే మంచాలు, అందులోనే పొయ్యి. అక్కడా మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి బావకి ఇబ్బంది లేదు. అక్క ఆ బండికి వంటిల్లని పేరు పెట్టింది. ఎక్కడ సముద్రం కనిపిస్తే అక్కడ ఆపి, పచ్చిమిరపకాయలు వేయించి, చుట్టుపక్కల తెల్లవాళ్ళందరి చేతా తుమ్మించింది.

అలా డ్యునెడిన్ అనే సముద్రపు ఊరు చేరాం. ఎండాకాలమని చెప్పారు గానీ మేం శాలువాలు తియ్యలేదు. వీధులు కొండల మీదికి నిచ్చెనల్లా లేచి ఉంటాయి. ఇసకలో సీలు అనే నీటి జంతువులు బియ్యం బస్తాల్లా పడి నిద్రపోతుంటాయి. ఒడ్డున నిలబడి బావ చాలాసేపు నీళ్ళ వంక చూశాడు.

"బందరు బీచికి పోయినప్పుడల్లా మా నాంచారయ్య అడిగేవాడురా. అవతలి ఒడ్డున ఏముంటది గురువుగారూ అని. లారీ పోయే దారుంటే చూపించండి అనేవాడు," అన్నాడు.

"చెప్పకపోయావా, ఇక్కడ వంకాయ కిలో మన కోడి రేటుంటుందని," అన్నాన్నేను. బావ నవ్వాడు. ఆ నవ్వే, మూడోనాడు పొద్దున దాకా ఆయన నాకు చూపించిన ఆఖరి నవ్వు.

మర్నాడు పొద్దున సముద్రం మీంచి పొగమంచు కమ్ముకుంది. పడవల్ని నీళ్ళలోకి దింపే ఏటవాలు సిమెంటు దిమ్మె ఒకటుంటే, దానికి కాస్త ఇవతల బండి పెట్టుకున్నాం. ఆడవాళ్ళు లోపల ఉప్మాకి పోపు వేస్తున్నారు. నేను డబ్బా తీసుకుని మంచినీళ్ళకి వెళ్ళాను. కుళాయి బండికి ముందువైపు, కాస్త దూరంలో ఉంది. నేను లేనప్పుడు ఒక తెల్ల పెద్దాయన కారు వెనక పడవని లాక్కుంటూ వచ్చి, మా బండికి ఎదురుగా ఆగాడు. ఆయన తిరగాలంటే మేం కొంచెం వెనక్కి జరగాలి. ఆయన విసుక్కోలేదు, హారన్ కొట్టలేదు. అదే బావని ఇబ్బంది పెట్టింది. తిట్టి ఉంటే కదిలేవాడు కాదు. నవ్వుతూ ఎదురుచూస్తుంటే మొహమాటపడి, అన్నేళ్ళ తర్వాత రివర్సు గేరు వేశాడు.

నేను నీళ్ళు పట్టుకుంటుంటే వినిపించింది. దబ్. టక్.

చేతిలో డబ్బా వదిలేసి పరిగెత్తాను. బావ బ్రేకు మీద నిలబడ్డట్టుగా కూర్చుని ఉన్నాడు. వెనక్కి వెళ్ళి చూశాను. వెనక చక్రం దిమ్మె అంచున ఉంది. అక్కణ్ణుంచి నాచు పట్టిన జారుడు, దాని కింద సముద్రం. ఇంకో జానెడు జరిగితే పొయ్యితో సహా, అక్కతో సహా, రాజ్యంతో సహా నీళ్ళలోకి. చుట్టూ చూశాను. ఎవరూ లేరు.

బావ దిగి నా కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తాడు. నా వేలికి మా నాన్న పెట్టిన బంగారుటుంగరం ఉంది.

"చచ్చినోడితోనా రా నీ ఆటలు," అన్నాడు.

"నేను కొట్టలేదు బావా. నేనిటు లేనే లేను. కుళాయి దగ్గరున్నాను."

"మరి ఈయనేమంటన్నాడు?"

పడవ పెద్దాయన బొటనవేలెత్తి చూపిస్తూ, మీ వెనక నిలబడ్డ మనిషి గట్టివాడు అంటున్నాడు. నేను ఆయన కారు వెనకనించే పరిగెత్తుకొచ్చాను. నన్నాయన మా బండి వెనక చూసే అవకాశమే లేదు. ఆ మాట బావకి చెబితే, "నీ ఇంగ్లీషు కూడా కోతలే," అన్నాడు.

రాజ్యం నాకు సాయంగా వచ్చి మరింత ముంచింది. "పోన్లెండి అన్నయ్యగారూ, ఆయన కొట్టబట్టే కదండీ బతికాం."

"చేసినపని చేశానని వాడేనాడు ఒప్పుకున్నాడు గనక," అంది అక్క, పోపు గరిటె చేత్తో పట్టుకునే.

ఆ రోజంతా ఊరు చూశాం. పలకలు పరిచిన రైలు స్టేషనూ, మెడ విరిగేంత నిటారు వీధీ, అన్నీ చూశాం. బావ నాతో మాట్లాడలేదు. "మీ తమ్ముణ్ణి తలుపు వెయ్యమను," అనేవాడు అక్కతో, నేను పక్కనే ఉండగా. చిన్నప్పుడు పామర్రు కాలవలో ఈత నేర్పింది ఆయనే. నా పెళ్ళికి పెద్దరికం చేసింది ఆయనే. నేను కోసిన ప్రతి కోతా మొదట విని నవ్వేది కూడా ఆయనే. సాయంత్రం అన్నాలు తింటూ అక్కతోనే అన్నాడు, "ఈ బండి అప్పజెప్పాక ఎవరి దారి వాళ్ళది. పామర్రు రాబాకని చెప్పు."

ఒప్పేసుకుంటే సరిపోయేదేమో. కానీ నేనే కొట్టానంటే ఆయన పోగొట్టుకున్న మనిషితో వేళాకోళమాడినవాణ్ణి. కొట్టలేదంటే అబద్ధాలకోరుని. జన్మంతా అబద్ధాలు అలవోకగా చెప్పిన నాకు, ఆ వేళ ఏ అబద్ధమూ పనికి రాలేదు.

"బావా, రేపు మళ్ళీ అక్కడికే పోదాం. నన్ను నీ పక్కన కూర్చోబెట్టుకో," అన్నాను. ఆయన కంచం పట్టుకుని లేచిపోయాడు. కానీ తెల్లారి బండి తిన్నగా అక్కడికే పోనిచ్చాడు.

ఆ పొద్దున మంచు లేదు. ఎండ పెళపెళలాడుతోంది. నా ఉంగరం తీయించి కప్పు పెట్టుకునే గుంటలో పడేశాడు. రెండు చేతులూ డాష్‌బోర్డు మీద పెట్టమన్నాడు. ఆడవాళ్ళిద్దర్నీ దింపి, దూరంగా, బండికి ఎదురుగా ఆయన కళ్ళ ముందు నిలబెట్టాడు. రాజ్యం చేతిలో ఊరగాయ జాడీ కూడా ఉంది. లోపల పెట్టిరావడం మర్చిపోయింది.

బావ రివర్సు గేరు వేశాడు. నా జీవితంలో ఒక చప్పుడు కోసం అంతగా ఎదురుచూసింది లేదు. బండి వెనక్కి జరిగింది. ఇంకా జరిగింది. ఏమీ వినపడలేదు. సముద్రపు కాకుల అరుపు తప్ప ఏమీ లేదు. బావ అద్దంలోకి చూసుకుంటూ, దిమ్మె చాలా దూరం ఉండగానే తనంతట తానే నెమ్మదిగా ఆపాడు.

"చూశావా," అన్నాడు. నిన్నంతా లేని మెత్తదనం ఆ గొంతులో ఉంది. అది నన్ను ఇంకా చంపింది. నేను చేతులు తియ్యలేదు.

ఆయన మొదటి గేరు వేసి, క్లచ్ వదలబోయాడు.

దబ్ టక్. దబ్ టక్.

బావ నా చేతుల వంక చూశాడు. ఉంగరం గుంటలో ఉంది. ఎదురుగా ఎండలో ఇద్దరు ఆడవాళ్ళు, ఒక ఊరగాయ జాడీ. అద్దాల్లో సముద్రం తప్ప ఇంకేమీ లేదు. ఆయన కాలు క్లచ్ మీంచి లేచింది. బండి ముందుకి కదిలింది.

గట్టు మీద ఆపాక నేను దిగి, ఉంగరం తొడుక్కుని, బండి చుట్టూ తిరుగుతూ కనిపించిన చోటల్లా చరిచాను. ఎక్కడ చరిచినా తప్ తప్‌మని చచ్చు చప్పుడే. లోపలి గ్యాసు బండ కదిపి చూశాను. అరల తలుపులు వేసి తీశాను. గిన్నెలు దొర్లించాను. బావ తల ఒకవైపుకి వంచి వింటూ నిలబడ్డాడు.

"ఇంక చాల్లేరా," అన్నాడు చివరికి. "ఇది రేకు కాదు. ఫైబరు. దీని మీద ఆ చప్పుడు నువ్వు కాదు గదా, ఎవరూ తెప్పించలేరు. నిన్ననే నాకు తట్టాల్సింది."

ఆ తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి అక్కతో అన్నాడు, "మీ తమ్ముడికి కాస్త కాఫీ ఇవ్వు." అలా రాజీ అయింది.

రాజ్యాన్ని అడిగితే తనకి చప్పుడు వినపడిందంది, బండిలో ఏదో పడిందనుకుందట. అక్కకి అసలేమీ వినపడలేదట. ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. ఇది నేను సర్దిచెప్పలేను. వేడికీ చలికీ బండి కింది ఇనప భాగాలు చప్పుడు చేస్తాయని మా బామ్మర్ది అన్నాడు. చేస్తాయేమో. రెండో రోజుకి ఆ మాట నప్పుతుందేమో. మంచులో, చక్రం అంచు మీద ఉన్న క్షణానికి నప్పుతుందా? ఆ ఒక్క చప్పుడుకే ఆయన కాలు ఎందుకు కదిలింది? పెద్దాయన చూసిన మనిషి ఎవరు? వీటికి సమాధానాలు అల్లడం నాకు చేతకాదని కాదు. చాలాసార్లు అల్లి చూశాను. ఏదీ నాకే నచ్చలేదు.

ఆ ప్రయాణం మిగతా అంతా బావ బండి వెనక్కి పెడుతూనే ఉన్నాడు. అవసరం లేని చోట కూడా పెట్టాడు. వచ్చాక విజయవాడలోనూ అంతే.

ఫంక్షన్లలో ఈ కథ చెబితే చుట్టాలంతా నవ్వుతారు. గోడౌన్ ఆవిడ మొగుడు న్యూజిలాండ్ కూడా పోయొచ్చాడా అంటారు. బావ మాత్రం నవ్వడు, నిజమనీ అనడు. ప్లేటులో చూసుకుంటూ తింటాడు.

ఆయన మా కొట్టుకి వచ్చినప్పుడు ఆ సందులోంచి కారు వెనక్కి తీయాలి. నేను వెనక నిలబడి దారి చూపిస్తాను. చెయ్యి అలవాటుగా కారు మీదికి వెళుతుంది. మధ్యలో ఆపేసుకుంటాను. "రానీ బావా, రానీ," అని నోటితోనే చెబుతాను.