ఇద్దరికీ అనుమతి

సూరత్‌లో, లింబాయత్ గల్లీలోని చిన్న కొట్లో అనురాధ జనం అర్జీలు ఆన్‌లైన్‌లో నింపుతుంది. లాక్‌డౌన్‌లో ఊరికి పోయే పాసుకు కాగితం అర్జీ చెల్లదన్నాక ఆమెకు తీరిక లేదు. ఎవరి మొహమూ చూడదు. మాస్కు సర్దుకుంటూ, ఫోనుకొచ్చిన ఓటీపీ అంకెలు చెప్పమంటుంది. ఆ రోజు గంగవ్వ తనకూ, భర్త బుచ్చిరాములుకూ పాసు అడిగింది. అనురాధ తలెత్తింది.

"ఆయన మొన్ననే పోయిండు గద అవ్వా?"

"ఊరికి తోల్కపోతనని మాటిచ్చిన బిడ్డా."

కాదనలేక నింపింది. "అంకెలు ఆయన ఫోనుకే వస్తయి. ఫోనేది?"

"ఆయనతోనే కాలిపోయింది."

గంగవ్వ పక్కనున్న ఖాళీ జాగా వైపు చెవి వంచింది. కాసేపు విని, ఆరంకెలు మెల్లగా చెప్పింది. తెర మీద ఇద్దరికీ అనుమతి వచ్చింది. గంగవ్వ బయల్దేరుతుంటే అనురాధ లేచి, ఇద్దరు పట్టేంత దారి వదిలి, గోడకు ఆనుకుని నిలబడింది.